‘చూద్దాం’ దొంతర: ఉద్యోగాల దరఖాస్తులు వడపోసేవారికి ఒక బహిరంగ లేఖ

మిత్రులారా,

నియామకాల విభాగంలో 26 ఏళ్లు పనిచేసి రెండేళ్ల కిందట పదవీ విరమణ చేశాను. నేను లేచి వచ్చిన కుర్చీలాంటి కుర్చీలో ఇప్పుడు కూర్చున్న మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. మీలో ఎక్కువమంది నాకు తెలియదు. మీ బల్ల మాత్రం బాగా తెలుసు. దాని మీద మూడు దొంతరలు ఉంటాయి. ఎడమ పక్కన పిలవాల్సినవారు, కుడి పక్కన అక్కర్లేనివారు, మధ్యలో ‘చూద్దాం’. కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి కాబట్టి దొంతరలు ఇప్పుడు ఫోల్డర్లు అయి ఉంటాయి. పేర్లు కూడా మారి ఉండవచ్చు. మధ్యది మాత్రం ఎక్కడికీ పోయి ఉండదు. నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

కుడి పక్కన పెట్టాలంటే ఏదో ఒక కారణం కావాలి. అనుభవం చాలలేదనో, అడిగిన చదువు లేదనో, పేజీకి పది తప్పులున్నాయనో. ఎడమ పక్కన పెట్టాలన్నా కారణం కావాలి, ఎందుకంటే రేపు పై అధికారి "ఇతన్ని ఎందుకు పిలిచారు?" అని అడుగుతాడు. మధ్యలో పెట్టడానికి ఏ కారణమూ అక్కర్లేదు. ఎవరూ అడగరు. నా ఉద్యోగ జీవితంలో ఆ మధ్య దొంతరను మళ్లీ తెరిచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎడమ పక్కవాళ్లతోనే ఖాళీలు నిండిపోయేవి. ‘చూద్దాం’ కాగితాలకు తాడు కట్టి బీరువా పైన పడేసేవాళ్లం. ఏడాది చివర చించేసేవాళ్లం.

అల్పసంఖ్యాక మతానికి చెందిన పేరున్న దరఖాస్తును, కేవలం ఆ పేరు చూసి, నేను ఎన్నడూ కుడి పక్కన పెట్టలేదు. ఈ మాట చెప్పుకుని చాలాకాలం గర్వపడ్డాను కూడా. నేను వాటిని మధ్యలో పెట్టాను.

ఒక్క సంగతి చెబుతాను. లెక్కల విభాగంలో ఒక ఖాళీకి దరఖాస్తులు పిలిచాం. వచ్చినవాటిలో ఒకటి పొందికగా, రెండే పేజీల్లో, ఒక్క తప్పూ లేకుండా ఉంది. నాలుగేళ్ల అనుభవం, మేము అడిగిన సాఫ్టువేరులో పట్టు, పాత యజమాని రాసిచ్చిన మంచి మాట. పేరు చూశాను. ఆ పేరు ఇక్కడ రాయను. అది ఏ మతపు పేరో కూడా రాయను. ఒక దేశంలో మైనారిటీ అయిన మతం ఇంకో దేశంలో మెజారిటీ. అక్కడి బల్ల ముందు నాలాంటివాడే ఒకడు కూర్చుని, నాలాంటి పేరు చూసి, ఇదే పని చేస్తూ ఉంటాడు. ఆ పేరు చూసినప్పుడు నాకు కోపం రాలేదు, అసహ్యం కలగలేదు. నా చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగింది, కాగితాన్ని మధ్యలో పెట్టింది. తర్వాతి దరఖాస్తు అందుకున్నాను.

మూడు వారాల తర్వాత ఆ అమ్మాయి ఫోను చేసింది. "సార్, నా దరఖాస్తు అందిందా అండి?" "అందిందమ్మా, పరిశీలనలో ఉంది" అన్నాను. అప్పటికి ఆ ఖాళీలో వేరే మనిషి చేరి నాలుగు రోజులైంది. ఆమె కాస్త తటపటాయించి, "నా దాంట్లో ఏదైనా తక్కువైతే చెప్పండి సార్, నేర్చుకుంటాను" అంది. "అలాంటిదేమీ లేదమ్మా" అన్నాను. అందిందన్న మాట పక్కన పెడితే, ఆ సంభాషణ మొత్తంలో నేను చెప్పిన నిజం అదొక్కటే.

నా మీద మీకు ఇప్పుడు కోపం వస్తూ ఉంటే రానివ్వండి. కానీ అది చల్లారేలోపు మీ మధ్య దొంతర ఒకసారి తిరగేయండి.

నన్ను ఎవరూ అలా చేయమని చెప్పలేదు. మా సంస్థలో అలాంటి ఉత్తర్వు ఏదీ లేదు. నోటి మాటగా కూడా ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరమే పడలేదు, అదే దీనిలోని సౌకర్యం. నాకు నేను చెప్పుకున్న సమాధానాలు మాత్రం చాలా ఉన్నాయి. మీకూ తెలిసినవే. "మన టీములో ఇమడరేమో." "వాళ్ల సెలవులు వేరే, సర్దుబాటు కష్టం." "నాకేమీ పట్టింపు లేదు, కస్టమర్లు ఏమనుకుంటారోనని." ఈ చివరిది అన్నిటికంటే పెద్దమనిషి తరహాగా వినిపిస్తుంది. నెపం నేను యజమాని మీద పెట్టేవాణ్ణి, యజమాని కస్టమర్ మీద పెట్టేవాడు. ఆ కస్టమర్ను 26 ఏళ్లలో నేను ఒక్కసారి కూడా కలవలేదు. ఫలానా మతం మనిషి లెక్కలు చూస్తే మా సరుకు కొననని చెప్పిన మనిషి ఎవరైనా ఉన్నారా అని ఎవరినీ అడగలేదు. లేని మనిషి అభిప్రాయానికి లోబడి, ఉన్న మనిషి కడుపు కొట్టాను.

"నాకు ఆ మతంలో మంచి స్నేహితులున్నారు" అనే మాట కూడా నా దగ్గర సిద్ధంగా ఉండేది. నిజంగానే ఉన్నారు. వాళ్లలో ఏ ఒక్కరి దరఖాస్తూ ఎప్పుడూ నా బల్ల మీదకు రాలేదు కాబట్టి ఆ స్నేహాలు క్షేమంగా ఉన్నాయి.

ఇదంతా ఒక ముసలివాడి పశ్చాత్తాపం, మా దగ్గర అలాంటివి జరగవు అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. విరమణ తర్వాత తీరిక దొరికి, ఈ విషయం మీద పరిశోధకులు ఏం చేశారో చదవడం మొదలుపెట్టాను. వాళ్ల పద్ధతి చాలా సులువైనది: ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్న కల్పిత దరఖాస్తులు తయారుచేసి, పేరు ఒక్కటే మార్చి, నిజమైన ఖాళీలకు పంపుతారు. ఎవరికి పిలుపు వస్తుందో లెక్కపెడతారు. అంటే నా బల్ల మీదకు, మీ బల్ల మీదకు, మనకు తెలియకుండానే ప్రశ్నపత్రం పంపడమన్న మాట.

2010లో వెలువడిన ఒక ఫ్రెంచి అధ్యయనం నన్ను బాగా పట్టుకుంది. అందులో ఇద్దరు ఊహా యువతులు: మరీ డియూఫ్, ఖదీజా డియూఫ్. ఇంటిపేరు ఒక్కటే, అది సెనెగల్ మూలాలున్నవారి ఇంటిపేరు. కాబట్టి ఒంటి రంగు, వలస వచ్చిన కుటుంబం వంటి తేడాలకు అక్కడ చోటు లేదు. మరీ ఒక క్యాథలిక్ సేవాసంస్థలో పనిచేసినట్టు, ఖదీజా ఒక ముస్లిం సేవాసంస్థలో పనిచేసినట్టు రాశారు. మిగిలింది మతం ఒక్కటే. ఇంటర్వ్యూ పిలుపు రావడంలో ఖదీజా రెండున్నర రెట్లు వెనకబడింది. వలసదారులంటే బెరుకు తప్ప మతం మీద మాకేమీ లేదని చెప్పుకునేవారికి ఈ ఇద్దరు డియూఫ్‌లు చాలు.

జర్మనీలో దరఖాస్తుకు ఫొటో జత చేసే అలవాటు ఉంది. 2016లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఒకే యువతి ఫొటోతో మూడు రకాల దరఖాస్తులు పంపారు. సాండ్రా బవర్ అన్న జర్మన్ పేరుతో పంపినవాటికి నూటికి 18.8 చోట్ల పిలుపు వచ్చింది. అదే ముఖానికి మెర్యెమ్ ఓజ్టుర్క్ అన్న టర్కిష్ పేరు పెడితే 13.5. అదే మెర్యెమ్ ఫొటోలో తలకు వస్త్రం చుట్టుకుంటే 4.2. సాండ్రాకు ఒక పిలుపు రావడానికి ఎన్ని దరఖాస్తులు చాలునో, తల కప్పుకున్న మెర్యెమ్‌కు దానికి నాలుగున్నర రెట్లు కావాలి. ఆ మూడోది చదివినప్పుడు నేను లెక్క గురించి ఆలోచించలేదు. అన్ని దరఖాస్తులు రాసి, అన్ని జవాబుల కోసం ఎదురుచూసే మనిషి సాయంత్రాల గురించి ఆలోచించాను.

భారతదేశంలో ఇలాంటి అధ్యయనం 2007లో వచ్చింది. పత్రికల్లో పడ్డ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపి చూశారు. ఉన్నత కుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. దేశాలు మారాయి, మతాలు మారాయి, వెనకబడ్డవారి పేర్లు మారాయి. బల్ల మాత్రం అదే.

వీటికంటే పాతది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది మరొకటి ఉంది. 1930ల మొదట్లో అమెరికాలో రిచర్డ్ లాపియేర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక చైనా యువ దంపతులతో కలిసి దేశమంతా కారులో తిరిగాడు. అక్కడ చైనా వాళ్ల మీద గట్టి ద్వేషం ఉన్న రోజులవి. 251 హోటళ్లలో, భోజనశాలల్లో, విడిది స్థలాల్లో అడుగుపెడితే ఒక్క చోట మాత్రమే లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత ఆరు నెలలు ఆగి, అవే చోట్లకు ఉత్తరాలు రాశాడు: "చైనా జాతివారిని మీ దగ్గర అతిథులుగా చేర్చుకుంటారా?" జవాబిచ్చిన 128 మందిలో 90 శాతానికి పైగా చేర్చుకోమని రాశారు. తాము అప్పటికే చేర్చుకుని, మర్యాద చేసి, పంపించినవాళ్లనే! సరేనని నికరంగా రాసింది ఒక్కరే. చిన్న విడిది నడిపే ఒక మహిళ. పోయిన వేసవిలో తమ దగ్గరికి వచ్చిన ఒక చైనా పెద్దమనిషి, ఆయన భార్య ఎంత చక్కగా మాట్లాడారో కబుర్లతో సహా రాసి పంపిందామె.

ఎదురుగా మనిషి నిలబడి ఉంటే కాదనడం కష్టం. కాగితం మీద ఒక జాతి పేరో మతం పేరో మాత్రమే ఉంటే చాలా తేలిక. మన ఉద్యోగమే కాగితం మీద మనిషిని చూడటం. అంటే కాదనడం అన్నిటికంటే తేలికైన చోట మనల్ని కూర్చోబెట్టారు. ఒక తేడా ఉంది. ఆనాటి హోటలువాళ్లకు సిగ్గు లేదు, ‘చేర్చుకోం’ అని రాసి సంతకం పెట్టి పంపారు. మనకు చట్టాలు తెలుసు, లోకమర్యాద తెలుసు. అందుకని మనం రాయం. జవాబే పంపం. ఆ రోజుల్లో తలుపు మీద బోర్డు చూసి మనిషి వెనుదిరిగేవాడు. ఇప్పుడు తలుపు తెరిచే ఉంటుంది, లోపలి నుంచి ఎవరూ పలకరు. అది తన లోపమో, లోకం లోపమో ఆ మనిషికి ఎప్పటికీ తెలియదు. "నా దాంట్లో ఏదైనా తక్కువైతే చెప్పండి" అని ఆ అమ్మాయి అడిగింది అందుకే. లేని తప్పు కోసం తన కాగితంలో తాను వెతుక్కుంటోంది.

ఇక మన ప్రకటనల సంగతి. ప్రకటన కింద చిన్న అక్షరాల్లో మేము కూడా ఒక వాక్యం వేసేవాళ్లం: "కుల, మత, లింగ భేదం లేకుండా అందరికీ సమాన అవకాశం." ఆ వాక్యాన్ని నేనే మంచి తెలుగులోకి మార్చాను, ఇప్పటికీ దాని పొందిక నాకు నచ్చుతుంది. దాని మీద కూడా ఎవరో పరిశోధన చేశారని తెలిసి తల దించుకున్నాను. 2016లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనమది. అక్కడ నల్లజాతివారు, ఆసియా మూలాలున్నవారు చాలామంది తమ దరఖాస్తుల్లో పేరును కొంచెం మార్చి, తమ సమాజానికి చెందిన సంఘాల్లో చేసిన పనిని తీసేసి పంపుతారు. దాన్ని తెల్లరంగు పూయడం అంటారు. అలా పూసిన నల్లజాతి దరఖాస్తుల్లో నాలుగింట ఒకదానికి పిలుపు వస్తే, ఉన్నది ఉన్నట్టు పంపినవాటిలో పదింట ఒకదానికి వచ్చింది. ఇందులో విచారమేమిటంటే, ‘సమాన అవకాశం’ అని ప్రకటించిన సంస్థలకు రాసేటప్పుడు అభ్యర్థులు ఆ రంగు తక్కువగా పూస్తారు. నమ్ముతారు పాపం. ఆ సంస్థలు మాత్రం మిగతావాటిలాగే వివక్ష చూపాయి. మనం ముద్ర వేయించిన ఆ ఒక్క వాక్యం మనల్ని మార్చలేదు సరికదా, వాళ్లను నమ్మించి ముంచింది.

"మేము మతం అడగనే అడగం కదా!" మా పై అధికారి ఒకాయన తరచూ అనేవారు ఈ మాట. అడగకపోతే తెలియనట్టేనని ఆయన లెక్క. ఈ లెక్క ఒకసారి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008లో తలకు వస్త్రం కట్టుకున్న 17 ఏళ్ల అమ్మాయి ఒక బట్టల దుకాణంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లింది. ఇంటర్వ్యూ చేసినావిడకు ఆమె నచ్చింది, మంచి మార్కులే వేసింది. ఆ వస్త్రం మా వేషధారణ నియమానికి సరిపోదని పైవాళ్లు చెప్పారు. ఆమె మార్కులు తగ్గించారు, ఉద్యోగం పోయింది. ఆ వస్త్రం మత విశ్వాసానికి సంబంధించినదని ఆమె మాకు చెప్పనే లేదు కదా అని సంస్థ వాదించింది. 2015లో కోర్టు 8–1 తీర్పుతో ఆ వాదనను తోసిపుచ్చింది. నికరంగా తెలియడం ముఖ్యం కాదు, విశ్వాసానికి చోటివ్వాల్సి వస్తుందన్న అనుమానంతో తప్పించుకోవాలని చూస్తే అదే చట్టవిరుద్ధమని తేల్చింది. నా చెయ్యి గాలిలో ఆగిన ఆ ఒక్క క్షణం గుర్తుందా? నేనూ ఎవరినీ ఏమీ అడగలేదు.

మన కొలువులో మత వివక్ష తగదని చెప్పే అంతర్జాతీయ ఒడంబడిక 1958 నుంచీ ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 111వ ఒప్పందం అది. 170కి పైగా దేశాలు ఆమోదించాయి. చట్టం లేకపోవడం మన సమస్య కాదు. కుడి దొంతర మీద చట్టం చూపు పడుతుంది, ఎందుకంటే అక్కడ కారణం రాసి ఉంటుంది. మధ్య దొంతరలో చట్టానికి చదవడానికి ఏమీ దొరకదు.

ఇంకో మాట తరచూ వినిపిస్తుంది: "అసలు వాళ్ల దగ్గర నుంచి దరఖాస్తులే తక్కువ వస్తాయి." నిజమే, మా దగ్గరా తక్కువే వచ్చేవి. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు పంపి జవాబు రానివాళ్లు పదకొండోసారి పంపరు. తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పంపవద్దని చెబుతారు. సంస్థలో ఆ మతంవాళ్లు ఉండరు కాబట్టి వాళ్లతో పనిచేసిన అనుభవం మనకు ఉండదు. అనుభవం లేదు కాబట్టి ‘ఇమడరేమో’ అనిపిస్తుంది. ఆ అనిపించడంతో మరో కాగితం మధ్యలోకి పోతుంది. కుండ మనమే బోర్లించి, వాన కురవలేదని ఆకాశాన్ని తిడుతున్నాం.

ఇప్పుడు వడపోతను కంప్యూటర్లకు అప్పగిస్తున్నారని, వాటికి పక్షపాతం ఉండదని కొందరు మురుస్తున్నారు. ఆ యంత్రాలకు పాఠాలు ఎక్కడివి? మన పాత నిర్ణయాలే. స్త్రీల దరఖాస్తులను కిందికి నెడుతోందని తెలిసి ఒక పెద్ద అమెరికన్ సంస్థ అలాంటి వ్యవస్థను పక్కన పడేసిందని 2018లో వార్త వచ్చింది. పదేళ్ల పాత దరఖాస్తుల నుంచి అది నేర్చుకున్న పాఠమది. నా 26 ఏళ్ల అలవాటును ఒక యంత్రం వారసత్వంగా తీసుకుంటుందంటే నాకు భయంగానే ఉంది.

మరి ఏం చేయాలి? మొదట అందరికీ తట్టే ఉపాయం పేర్లు చెరిపేయడం. నేనూ అదే అనుకున్నాను. ఫ్రాన్సులో దానికి 2006లో చట్టం కూడా చేశారు, అమలు మాత్రం కాలేదు. ఆ తర్వాత కొన్ని సంస్థలు స్వచ్ఛందంగా ముందుకొస్తే ప్రయోగం చేసి చూశారు. ఫలితం తలకిందులైంది. పేర్లు చెరిపేసిన చోట వలస మూలాలున్నవారికి ఇంటర్వ్యూలు తగ్గాయి. స్వచ్ఛందంగా వచ్చినవి అప్పటికే మంచి మనసున్న సంస్థలు. అభ్యర్థి ఎలాంటి ఇబ్బందుల మధ్య నుంచి వచ్చాడో పేరు చూసి గ్రహించి, చదువులో ఒక ఏడాది ఖాళీ ఉన్నా సర్దుకుపోయేవి. పేరు పోయాక ఆ సర్దుబాటూ పోయింది. పేరు చెరపడం ఎవరికీ పనికిరాదని కాదు. పేరు చూసి చెయ్యి ఆగే నాలాంటివాడికి అది పనికొస్తుంది. కానీ నాలాంటివాడు స్వచ్ఛందంగా ముందుకు రాడు, చూశారా!

ఉత్తర ఐర్లండ్‌లో దీనికి పూర్తిగా ఎదురు దారి తొక్కారు. అక్కడ క్రైస్తవంలోని రెండు శాఖలైన క్యాథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు మధ్య తరాల వైరం. పేరు వింటే చాలు, చదివిన బడి పేరు చూస్తే చాలు, మనిషి ఎటువైపో తెలిసిపోయేది. 1989లో చేసిన చట్టం అక్కడి యజమానులకు ఒక పని పెట్టింది: మీ దగ్గర ఏ మతంవారు ఎంతమంది పనిచేస్తున్నారో ఏటా లెక్క రాసి పంపండి. ఎవరైనా చెప్పకపోతే చదివిన బడి వంటి ఆనవాళ్లను బట్టి తేల్చమంది. చూడకుండా నటించవద్దు, చూసి లెక్కపెట్టండి అంది. 1990లో ఆ లెక్కల్లో క్యాథలిక్కులు 35 శాతం ఉండేవారు. తర్వాత మూడు దశాబ్దాల్లో దాదాపు సగానికి చేరారు. జనాభాలో వాళ్ల వాటా కూడా పెరిగింది కాబట్టి పెరుగుదలంతా చట్టం ఖాతాలోనే వేయలేం. కానీ లెక్క రాయాల్సి వచ్చినప్పుడు మధ్య దొంతర ఎత్తు ఎంతుందో యజమానికి కనిపించి తీరుతుంది. నాకు ఈ దారే నచ్చింది, బహుశా ఇన్నేళ్లూ లెక్కలు చూసేవాళ్లను ఎంచడమే నా పని కావడం వల్ల కావచ్చు.

ఒక్క హెచ్చరిక చేయాలి. మైనారిటీ మతానికి చెందిన ఒకరిని తీసుకుంటే ఆఫీసు మొత్తం మనసు మారిపోతుందని కొందరు సదుద్దేశంతో చెబుతారు. ఇరాక్‌లో ఐసిస్ దాడుల తర్వాత నిర్వాసితులైన క్రైస్తవుల ఫుట్‌బాల్ జట్లలో కొన్నింటిలోకి ముస్లిం ఆటగాళ్లను చేర్చి ఒక పరిశోధకురాలు ప్రయోగం చేశారు. 2020లో ఫలితాలు వచ్చాయి. కలిసి ఆడినవాళ్లు ఒకరినొకరు ఇష్టపడ్డారు. లీగ్ అయిపోయిన ఆరు నెలల తర్వాత కూడా కలిసి సాధన చేస్తున్నారు. మైదానం బయట, తెలియని ముస్లింల పట్ల వాళ్ల ప్రవర్తన మాత్రం పెద్దగా మారలేదు. కాబట్టి మీరు తీసుకునే ఆ ఒక్క ఉద్యోగి నెత్తిన తన మతం పరువు మొత్తం పెట్టవద్దు. "మీరు చాలా మంచివారండీ, మీవాళ్లందరూ మీలాగే ఉంటే..." అని మా ఆఫీసులో ఒకాయన భోజనాల వేళ ఒక సహోద్యోగితో అనేవాడు. మెచ్చుకుంటున్నాననే ఆయన నమ్మకం. ఆ సహోద్యోగి ప్రతిసారీ నవ్వి, డబ్బా మూత పెట్టుకుని లేచి వెళ్లేవాడు. సగం తిన్న డబ్బా. ఆయన ఉద్యోగంలో చేరింది లెక్కలు చూడటానికి, తన మతం తరఫున వకాల్తా పుచ్చుకోవడానికి కాదు.

నేను మిమ్మల్ని అడిగేది పెద్ద పని కాదు. హృదయ పరివర్తన అడగడం లేదు. నా హృదయం అప్పుడూ బాగానే ఉందనుకున్నాను, కాబట్టి దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఇంటర్వ్యూలో ఒకరిని అడగని ప్రశ్న ఇంకొకరిని అడగకండి. ప్రశ్నలు ముందే రాసి పెట్టుకోండి. అది ఎలాగూ మంచి పద్ధతే. అసలైన విన్నపం ఇది: మధ్య దొంతరను ఎత్తేయండి. ఎత్తేయడం కుదరకపోతే, అందులో పడే ప్రతి కాగితం మీదా ఎందుకు పడిందో ఒక్క పంక్తి రాయండి. మీ చేతిరాతతో, తేదీ వేసి. "టీములో ఇమడరు" అని రాయాలనిపిస్తే రాయండి, కానీ దరఖాస్తులో ఏ వాక్యం చూసి ఆ మాట అన్నారో దాని కింద గీత గీయండి. ఏడాదికి ఒకసారి ఆ కాగితాలన్నీ బయటికి తీసి, పేర్లు మాత్రమే ఒక వరసలో రాసుకుని చూడండి. ఎవరికీ చూపించనక్కర్లేదు. తలుపు వేసుకునే చూడండి.

నేను ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఆ పని చేయబోతే, నా దగ్గర కాగితాలు లేవు. అన్నీ చించేశాం. గుర్తున్నది ఆ ఒక్కటే. రెండు పేజీలు, నాలుగేళ్ల అనుభవం, పాత యజమాని మంచి మాట. దాని మీద ఆ ఒక్క పంక్తి రాయాల్సి వస్తే ఏం రాసేవాణ్ణోనని చాలాసార్లు ప్రయత్నించి చూశాను. అనుభవం చాలలేదని రాయలేను. చదువు లేదని రాయలేను. తప్పులున్నాయని రాయలేను. తేదీ వేస్తాను, ఆ తర్వాత కలం కదలదు.

ఇట్లు,
మీ కుర్చీలో మీకంటే ముందు కూర్చున్నవాడు